చెట్టుకు పెద్ద గండం ఏది: కోలానా, ఫైటోఫ్తోరానా?

కోలా అనే జంతువు కొమ్మ మీద కూర్చుని ఆకు తింటుంది, ఫైటోఫ్తోరా అనే బూజులాంటి సూక్ష్మజీవి మట్టిలో ఉండి వేరును తింటుంది. కోలా ఉండేది ఆస్ట్రేలియాలోనే. అయినా దానికి ఇష్టమైన టెరెటికార్నిస్, కమాల్డులెన్సిస్ అనే యూకలిప్టస్ రకాలే ప్రకాశం మెట్టల్లో మనం జామాయిల్ అని వేసుకునేవి.

కోలా రోజుకు అరకిలో నుంచి కిలో దాకా ఆకు తిని, 18 గంటలకు పైగా నిద్రపోతుంది. ఆకు పోతే చెట్టు మళ్లీ చిగురిస్తుంది. మోడు నుంచి పిలకలు రావడం జామాయిల్ రైతుకు కొత్త కాదు. మంద కిక్కిరిసినప్పుడే ముప్పు: విక్టోరియాలోని కేప్ ఆట్వేలో చెట్లు బోడిగా మారి, 2013-14లో ఆకలికి మాడుతున్న దాదాపు 700 కోలాలకు అధికారులే ప్రాణం తీయాల్సి వచ్చింది. పాపం, ఆ నష్టం చెట్టుతో పాటు దానికీ తగిలింది.

ఫైటోఫ్తోరా అలా కాదు. పడమటి ఆస్ట్రేలియాలో జర్రా అనే యూకలిప్టస్ చెట్లు చస్తున్నాయని 1920ల్లోనే గమనించినా, కారణం ఇదని తేలింది 1960ల్లో. తోకలున్న దీని బీజాలు నీటిలో ఈదుతాయి, బండి చక్రాల బురదతో ఊళ్లు దాటతాయి.

పొదలకూరు, రాపూరు నిమ్మతోటల్లో బంక తెగులు తెచ్చేవి దీని దాయాదులే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు పాదులో నీళ్లు నిలిస్తే మొదలు దగ్గర బెరడు కుళ్లి బంక కారుతుంది, ఆకు పసుపు తిరుగుతుంది. అందుకే నా లెక్కలో కోలాయే మేలు, అది కళ్లకు కనపడుతుంది. ఫైటోఫ్తోరా సంగతి చెట్టు పండబారాక గాని తెలియదు.

కుళ్లిన బెరడును మంచి బెరడు కనిపించేదాకా చెక్కి, ఆ ముక్కలు కాల్చేయండి. కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 5 లీటర్ల నీళ్లలో, కిలో పొడిసున్నం మరో 5 లీటర్లలో, రెండూ ప్లాస్టిక్ బకెట్లలోనే కలిపి, తర్వాత ఒకటి చేయండి. ఇనుప కత్తి ముంచితే తుప్పురంగు పట్టిందా, సున్నం చాలలేదు, ఇంకాస్త వేయాలి. కలిపిన రోజే మొదలుకు రెండు మూడు అడుగుల ఎత్తు దాకా పూయండి, మర్నాటికి దాని సత్తువ తగ్గుతుంది. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి.

నీళ్లు మొదలును తాకకుండా చుట్టూ మట్టి ఎగదోసి, బయట రెండో కట్ట వేసి మధ్యలో పారించాలి. అంటు కలిసిన చోటు నేలకు జానెడు పైనే ఉండాలి. ఒక చెట్టు చచ్చిన గుంతలో వెంటనే మళ్లీ నిమ్మ నాటవద్దు, ఆ మట్టిలో బీజాలు ఏళ్ల తరబడి బతికే ఉంటాయి.