కింగ్స్ ఐలండ్: పాత కోస్టర్లను చూసుకునే తీరుపై ఒక సమీక్ష

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, సిన్సినాటి నగరానికి చేరువలో మేసన్ అనే ఊరి దగ్గర ఉన్న కింగ్స్ ఐలండ్ వినోద పార్కు గురించి రాసేవారు ఎక్కువగా కొత్త రైడ్ల గురించే రాస్తారు. ఈ సమీక్షలో ఆ పార్కులోని పాత రోలర్ కోస్టర్ల (ఎత్తుపల్లాల పట్టాల మీద మనుషుల్ని రైలులో వేగంగా తిప్పే రైడ్ల) సంగతి మాత్రమే చూస్తున్నాను. వయసు మీరిన కోస్టర్‌ను బాగుచేసి నడపాలా, దాని రూపమే మార్చాలా, పడగొట్టి ఆ స్థలంలో కొత్తది కట్టాలా అన్నది అభిమానుల మధ్య ఏళ్ల తరబడి సాగుతున్న వాదన. ఈ మూడింటిలో రెండు దారులు కింగ్స్ ఐలండ్ ఆవరణలోనే కనిపిస్తాయి. రూపమే మార్చే దారిని చూడాలంటే అదే రాష్ట్రంలో ఉత్తరాన ఉన్న సీడర్ పాయింట్ పార్కు దాకా వెళ్లాలి. పాత కోస్టర్ భవితవ్యాన్ని దాని వయసు కంటె ఎక్కువగా, దాని మీద ప్రతి చలికాలమూ ఎంత పని జరుగుతున్నదన్న విషయమే నిర్ణయిస్తుందని నా అభిప్రాయం.

ముందుగా చెప్పుకోవలసింది ది బీస్ట్. 1979 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఈ చెక్క కోస్టర్ పొడవు సుమారు 7,360 అడుగులు. చెక్క కోస్టర్లలో ప్రపంచంలోకెల్లా పొడవైనదన్న పేరు నేటికీ దీనిదే. దీన్ని బయటి కంపెనీకి అప్పగించకుండా పార్కు సొంత ఇంజనీర్లే రూపొందించారు. చెక్క కోస్టర్ల రూపకల్పనలో ఆ రోజుల్లో పెద్ద పేరున్న జాన్ ఆలెన్ సలహా వారికి అందింది. అడవిలోని ఎత్తుపల్లాలను చదును చేయకుండా, సుమారు 35 ఎకరాల్లో వాటి వెంబడే దారి గీసుకున్నారు. అందుకే మొదటి గుట్ట ఎత్తు 110 అడుగులే అయినా రైలు దిగే లోతు అంతకంటె ఎక్కువగా ఉంటుంది. గంటకు దాదాపు 65 మైళ్ల వేగంతో, నాలుగు నిమిషాలకు పైగా సాగే ఈ ప్రయాణంలో రైలును గుట్ట మీదికి లాగే లిఫ్టులు రెండు ఉన్నాయి. రెండో లిఫ్ట్ దాటాక రైలు వాలుగా దిగి, సొరంగాలు కప్పిన హెలిక్స్‌లో, అంటే స్ప్రింగులా చుట్టుకుపోయే మలుపులో, 540 డిగ్రీలు తిరుగుతుంది. పగటిపూట ఎక్కితే ఇది మంచి కోస్టర్. దీపాలు లేని ఆ అడవిలో చీకటి పడ్డాక ఎక్కితే మాత్రం దీనికి సాటి వచ్చే చెక్క కోస్టర్లు బహు తక్కువ.

ఇంతటి కోస్టర్ నాలుగు దశాబ్దాలకు పైగా నిలిచి ఉండటం దానంతట అదే జరిగే పని కాదు. చెక్క కోస్టర్ పట్టా అంటే ఒకే దూలం అని చాలామంది అనుకుంటారు. నిజానికి పైన్ పలకలను ఒకదాని మీద ఒకటిగా ఏడెనిమిది పొరలు పేర్చి బిగించి, చక్రం తగిలే చోట ఉక్కు బద్దీ పరుస్తారు. ముప్పై ఆరు మంది కూర్చున్న రైలు రోజంతా దాని మీద పరుగెడుతుంటే, పైనుంచి ఎండావానలు పడుతుంటే, ఉక్కు బద్దీ కింది చెక్క ఒకచోట నలిగి చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలో దిగిన చక్రం ఎగిరి కాస్త ముందుకు పడి అక్కడ మరింత గట్టిగా కొడుతుంది. కొన్నాళ్లకు అక్కడా ఒక గుంట తయారవుతుంది. ప్రయాణికుడికి నడుములో, మెడలో తెలిసే కుదుపు ఇలా ఒకచోట మొదలై తనను తానే పెంచుకుంటూ పోతుంది. కనుక పాడైన చోట పాడైనంత మేరకు పలకలు తీసి కొత్తవి వేయడం, వెనుకటి రోజుల్లో ఏటా వానలకు ముందు ఇంటి కప్పు మీద పెంకులు సర్దించుకున్నట్టు, ఎన్నటికీ పూర్తి కాని పని. ఏ చెక్క కోస్టర్ దగ్గరైనా వరుసలో నిలబడి పట్టాల వంక కాసేపు చూస్తే ఆ పార్కు శ్రద్ధ ఎంతో తెలిసిపోతుంది. నల్లబడిన కొయ్యల నడుమ లేత పసుపు రంగు పలకలు ముక్కలు ముక్కలుగా కనిపిస్తే అక్కడ పని జరుగుతున్నట్టే. అంతటా ఒకే బూడిద రంగు ఉండి, బోల్టుల చుట్టూ తుప్పు చారలు కిందికి జారి ఉంటే వెనుక సీటు జోలికి పోకపోవడం మంచిది.

బీస్ట్ విషయంలో ఈ శ్రద్ధ మామూలు మరమ్మతులతో ఆగలేదు. 2021 సీజను ముగిసిన తరువాతి చలికాలంలో ద గ్రావిటీ గ్రూప్ అనే సంస్థ చేత 2,000 అడుగులకు పైగా పట్టాను కొత్తగా వేయించారు. మొదటి దిగుడు వాలును 45 డిగ్రీల నుంచి 53 డిగ్రీలకు పెంచారు. అంకెల్లో చూస్తే ఎనిమిది డిగ్రీల తేడా పెద్దది కాదు, కాని వెనుక పెట్టెలో కూర్చున్నవారికి ఆ దిగుడులో సీటు వదిలి లేచిన భావన కలిగించడానికి అది చాలు. అడుగున సొరంగంలోకి దూరే చోట రైలు ఇప్పుడు పట్టాను పట్టుకుని పోతున్నట్టు ఉంటుంది. పాత కోస్టర్‌ను సరిచేసేటప్పుడు దాని స్వభావాన్ని చెరపకుండా కాస్త పదును పెట్టడం ఎలాగో తెలుసుకోవాలంటే ఈ పని చూడాలి.

ఇక్కడ ఒక చిన్న వంశవృక్షం చెప్పుకోవాలి. బీస్ట్ నిర్మాణాన్ని దగ్గరుండి నడిపించిన ఛార్లీ డిన్ తరువాత సొంతంగా కోస్టర్లు కట్టే కంపెనీ పెట్టాడు. ఆయన కుమార్తె 1991లో కస్టమ్ కోస్టర్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థను నెలకొల్పింది. 2002లో అది మూతపడినప్పుడు అందులో పనిచేసిన ఇంజనీర్లే సిన్సినాటిలో గ్రావిటీ గ్రూప్‌ను ఏర్పాటు చేసుకున్నారు. అంటే బీస్ట్‌కు కొత్త పలకలు వేసిన చేతులకు ఆ పని వచ్చింది, ఒక విధంగా, బీస్ట్ కట్టిన చేతుల నుంచే.

అదే డిన్ కంపెనీ 1991లో సీడర్ పాయింట్‌లో మీన్ స్ట్రీక్ అనే 161 అడుగుల చెక్క కోస్టర్‌ను కట్టింది. దాని కథ మరోలా నడిచింది. కుదుపులకు పేరుపడిన ఆ కోస్టర్‌ను 2016లో మూసివేసి, చెక్క కట్టడంలో పనికివచ్చే భాగాన్ని ఉంచి, దాని మీద రాకీ మౌంటెన్ కన్‌స్ట్రక్షన్ సంస్థ చేత ఉక్కు పట్టా వేయించి, 2018లో స్టీల్ వెంజియన్స్ పేరుతో తెరిచారు. 205 అడుగుల ఎత్తు, గంటకు 74 మైళ్ల వేగం, నాలుగుసార్లు తలకిందులుగా తిరిగే దారి ఉన్న ఆ కోస్టర్‌ను అభిమానులు నెత్తిన పెట్టుకున్నారు. ఈ పద్ధతికి 2011లో శ్రీకారం చుట్టిన టెక్సస్ జెయింట్ కూడా మొదట 1990లో డిన్ కంపెనీ కట్టినదే. ఈ రెండింటినీ చూపించి, బీస్ట్‌కు కూడా ఉక్కు పట్టా వేస్తే పోదా అని అడిగేవారు కొందరున్నారు. వారితో నేను ఏకీభవించలేను. మీన్ స్ట్రీక్ విషయంలో ఆ మార్పు ముమ్మాటికీ సరైనదే, ఎందుకంటే చదును నేల మీద లేచిన ఆ కట్టడానికి దాని ఎత్తు తప్ప చెప్పుకోదగిన ప్రత్యేకత లేదు. బీస్ట్ గొప్పతనమంతా దాని దారిలో ఉంది, చెట్ల మధ్య నేలను అంటిపెట్టుకుని పోయే ఆ చెక్క మోతలో ఉంది. ఉక్కు పట్టా వేస్తే అది మరింత నున్నగా, బహుశా మరింత వేగంగా పోవచ్చు. కాని అప్పుడది ఇప్పుడున్న చాలా కోస్టర్లలో ఒకటవుతుంది, ప్రపంచపు పొడవైన చెక్క కోస్టర్ అన్న పేరూ పోతుంది.

బీస్ట్ మీద అభిమానులు చేసే ఫిర్యాదుల్లో పాతది, న్యాయమైనది, వేగాన్ని తగ్గించే బ్రేకుల గురించి. రైలు తన బరువుతో అందుకోగల వేగాన్ని దారిలో కొన్నిచోట్ల బ్రేకులు కోసేస్తాయి. ముఖ్యంగా రెండో లిఫ్ట్ తరువాత హెలిక్స్‌కు దిగే వాలులో ఆ సంగతి తెలుస్తుంది. ఆ బ్రేకులు లేకపోతే పట్టా మీదా, దాన్ని మోసే స్తంభాల మీదా ఒత్తిడి పెరిగి, ఇప్పుడు చేస్తున్న మరమ్మతులకు రెట్టింపు చేయవలసి వస్తుందన్నది మరో వాదన. నా మటుకు నేను ఆ వేగంలో కొంత వదులుకోవడానికి సిద్ధమే. ఏటా పట్టా పునరుద్ధరించే పార్కు కొంచెం బ్రేకు వేసినా సహించవచ్చు; పట్టా బాగుచేయవలసిన చోట బ్రేకుతో సరిపెట్టే పార్కును మాత్రం సహించకూడదు. తొలిసారి ఎక్కేవారికి ఒక సూచన: ప్రతి పెట్టెలోనూ ఉన్న మూడు వరుసల్లో మధ్య వరుసను ఎంచుకుంటే, చక్రాలకు సరిగ్గా పైన కూర్చోరు కనుక కుదుపు తక్కువగా ఉంటుంది. పిల్లలకు ఎత్తు కనీసం 48 అంగుళాలు ఉండాలి.

పార్కుతో పాటే 1972లో మొదలైన రేసర్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. జాన్ ఆలెన్ రూపొందించిన ఈ జంట పట్టాల కోస్టర్ ఎత్తు 88 అడుగులే. అయినా అమెరికాలో చెక్క కోస్టర్లు ఒక్కొక్కటిగా మాయమవుతున్న కాలంలో వాటి మీద మళ్లీ ఆసక్తి పుట్టించిన ఘనత చరిత్ర దీనికే ఇస్తుంది. 1982 నుంచి 2008 వరకు ఒక పట్టా మీది రైలు వెనక్కి తిరిగి నడిచేది. ఆ ఏర్పాటు మళ్లీ రావాలని కోరేవారు నేటికీ ఉన్నారు గాని, రెండు రైళ్లూ ముందుకే చూస్తూ పక్కపక్కన పోటీపడటమే ఈ కోస్టర్‌కు పుట్టుకతో వచ్చిన గుణం. రెండు వైపులా ఒకేసారి బయలుదేరుతున్నాయో లేదో చూసుకుని వరుసలో నిలబడితే చాలు.

చెక్క విషయంలో ఇంత చక్కగా ఉన్న లెక్క ఉక్కు దగ్గరికి వచ్చేసరికి తారుమారవుతుంది. యారో డైనమిక్స్ తయారుచేసిన వోర్టెక్స్ 1987లో వచ్చింది. ఆరుసార్లు తలకిందులు చేసే కోస్టర్‌గా అప్పట్లో అది ప్రపంచ రికార్డు. 2019 అక్టోబరులో దాన్ని శాశ్వతంగా మూసివేసి తరువాత తొలగించారు. సర్వీసు కాలం ముగింపుకు వచ్చిందని పార్కు చెప్పిన కారణం. ఉక్కు గొట్టపు పట్టాలో పాడైన పలక తీసి మరొకటి వేసే వీలు లేదన్నది నిజం. పదేపదే పడే భారానికి లోహం అలసిపోతుంది, అతుకుల దగ్గర కంటికి కనబడని పగుళ్లు పుడతాయి, వాటిని అల్ట్రాసోనిక్ పరీక్షల వంటివాటితో వెతికి పట్టుకోవాలి. పైగా తయారుచేసిన యారో సంస్థ 2001లో దివాలా తీసింది. ఇవన్నీ ఒప్పుకున్నా, సర్వీసు కాలం ముగిసిందన్న మాటలో ఇంజనీరింగ్ ఎంత, ఖాతా పుస్తకం ఎంత అన్న సందేహం నాకు పోలేదు. ఎందుకంటే వర్జీనియాలోని బుష్ గార్డెన్స్‌లో అదే యారో కంపెనీ 1978లో కట్టిన లాక్ నెస్ మాన్‌స్టర్ వోర్టెక్స్ కంటె తొమ్మిదేళ్లు పెద్దది. దానికి సుమారు 900 అడుగుల పట్టాను కొత్తగా చేయించి 2024లో మళ్లీ తెరిచారు. అంటే ఉక్కు పట్టానూ కొత్తగా చేయించవచ్చు. డబ్బు పెట్టాలన్న కోరిక ఉండాలి. వోర్టెక్స్ అంతటి అపురూపమైనది కాదని, భుజాల మీద వాలే కడ్డీలకు చెవులు తగిలే ఆ తరం ప్రయాణం ఇప్పటివారికి రుచించదని పార్కు నేరుగా చెప్పి ఉంటే నేను తలూపి ఉండేవాణ్ణి.

వయసొక్కటే ప్రమాణం కాదనడానికి ఇదే పార్కులో కట్టిన సన్ ఆఫ్ బీస్ట్ చాలు. 2000లో 218 అడుగుల ఎత్తున, చెక్క కోస్టర్‌లో రైలును తలకిందులు చేసే నిలువు లూప్ పెట్టి మరీ తెరిచారు. 2006 జులైలో కట్టడంలోని ఒక కొయ్య విరిగి పట్టా కుంగడంతో 27 మంది గాయపడ్డారు. లూప్ తీసేశారు, తేలికైన రైళ్లు తెచ్చారు, అయినా 2009 తరువాత అది నడవలేదు, 2012లో కూల్చివేశారు. తండ్రి పేరు పెట్టుకున్న ఆ కోస్టర్ పదేళ్లయినా నడవలేదు, తండ్రి మాత్రం ఇంకా నడుస్తున్నది. న్యూజెర్సీలో 2005లో 456 అడుగుల ఎత్తున లేచిన కింగ్డా కా అనే కోస్టర్ 2024లో మూతపడి మరుసటి ఏడాది ఫిబ్రవరిలో పేలుడు పదార్థాలతో నేలకూలింది; న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్‌లో 1927 నాటి సైక్లోన్ అనే కోస్టర్‌కు నగరం చారిత్రక కట్టడం హోదా ఇచ్చి కాపాడుకుంటున్నది. ఎత్తుకోసం, రికార్డుకోసం పదార్థాన్ని దాని హద్దు దాటించి కట్టినవాటికి మరమ్మతు కూడా ఒక రికార్డు అయి కూర్చుంటుంది.

2024లో వినోద పార్కులు నడిపే సీడర్ ఫెయిర్, సిక్స్ ఫ్లాగ్స్ కంపెనీలు విలీనమైన తరువాత కింగ్స్ ఐలండ్ ఇప్పుడు ఎన్నో పార్కులున్న పెద్ద సంస్థలో భాగం. చలికాలపు మరమ్మతుల ఖర్చు టికెట్లు కొనేవారి కంటికి కనబడదు, ప్రకటనల్లో చెప్పుకోవడానికి పనికిరాదు. కొత్త రైడ్ ఖర్చు అలా కాదు. కనుక కోత పడితే ముందు ఎక్కడ పడుతుందో ఊహించడం కష్టం కాదు. అభిమానులు గమనించవలసినది బీస్ట్‌ను కాదు. దాని జోలికి పోయే ధైర్యం ఎవరికీ ఉండదు. 1991 నాటి అడ్వెంచర్ ఎక్స్‌ప్రెస్ కూడా యారో చేతి పనే. 2023లో చుట్టూ ఉన్న ప్రాంతాన్ని అడ్వెంచర్ పోర్ట్‌గా తీర్చిదిద్దినప్పుడు దానికి కొంత మెరుగు పెట్టారు. అలంకరణతో పాటు పట్టాకూ అంతే డబ్బు వెచ్చిస్తారా లేక మరికొన్నేళ్లకు దానికీ సర్వీసు కాలం ముగిసిందంటారా అన్నదాన్ని బట్టి ఈ పార్కుకు నేనిచ్చే మార్కులు మారతాయి. ప్రస్తుతానికి చెక్క కోస్టర్ల సంరక్షణకు అయిదుకు అయిదు, పాత ఉక్కు కోస్టర్ల విషయంలో రెండున్నర.