పీహెచ్ పేపర్ రెండేళ్ళు వాడాక: చింతపండు పులుసుకి సరే, ఆర్వో నీళ్ళకి నమ్మకండి

మా పెద్దదాని పదో తరగతి ఆమ్లాలు, క్షారాల పాఠం కోసం కొన్నాను, 1 నుంచి 14 దాకా చూపించే పేపర్ పట్టీల చిన్న పుస్తకం. పట్టీని ముంచితే మారే రంగుని బట్టి పీహెచ్, అంటే ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, తెలుస్తుంది: 7 మధ్యస్థం, దానికి కిందైతే ఆమ్లం, పైనైతే క్షారం. నిమ్మరసానికి 2 దగ్గర ఎరుపు, పెరుగు తేటకి 4 దగ్గర నారింజ, సున్నపు తేటకి ముదురు నీలం, చార్టుతో చక్కగా కలుస్తాయి. మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ కొనుక్కోమని చెప్పాను కూడా.

నా బాధంతా ఆర్వో నీళ్ళతోనే. ఒకరోజు ఊరికే ఫిల్టర్ నీళ్ళలో ముంచితే 5కీ 6కీ మధ్య పసుపు వచ్చింది. పక్కన బోరు నీళ్ళు 8. మా మామయ్యగారికి అసలే ఎసిడిటీ, ఇన్నాళ్ళూ ఆయనకి ఏం నీళ్ళు తాగించానో అని ఒకటే టెన్షన్. సర్వీసు అబ్బాయి వచ్చి ఆ పేపర్ చూసి, "ఆల్కలైన్ కాట్రిడ్జ్ వేయించుకోండి మేడమ్, 1,200 అవుతుంది" అన్నాడు. ఆలోచించి చెప్తానని పంపేసి, పది రోజులు 20 లీటర్ల క్యాన్లు తెప్పించాను. పదో రోజు క్యాన్ నీళ్ళలో ముంచితే అదే పసుపు!

అప్పుడు ఫార్మా కంపెనీ ల్యాబ్‌లో చేసే మా తమ్ముడు ఇంటికొచ్చి, రెండు గ్లాసుల్లో ఫిల్టర్ నీళ్ళు, బోరు నీళ్ళు పోసి, ఒక్కోదాంట్లో మూడు చుక్కలు నిమ్మరసం వేసి ముంచమన్నాడు. ఫిల్టర్ నీళ్ళు ఒక్కసారిగా 4 దగ్గరికి పడిపోయాయి, బోరు నీళ్ళు పెద్దగా కదల్లేదు. "అక్కా, ఈ నీళ్ళలో ఉప్పులు బాగా తక్కువ, అందుకే కాస్త ఆమ్లం పడినా అంకె మారకుండా ఆపే పట్టు లేదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాస్త కలిసినా 7 కిందికి దిగుతాయి, పేపర్‌కి అద్దిన రంగు కూడా అంకెని అటూ ఇటూ లాగేస్తుంది" అన్నాడు. ఒక్కో అంకెకీ పది రెట్లు తేడా కాబట్టి, మామయ్యగారికి రోజూ పోసే మజ్జిగ ఆ నీళ్ళకంటే పదుల రెట్లు ఆమ్లమట. ఈ రెండు ముక్కలు పుస్తకం అట్ట మీద వేసి ఉంటే నాకు పది రోజుల దిగులు తప్పేది, ఇప్పటికీ అదే కోపం.

పులుసుకి సరే అన్నానా, అది కూడా తాలింపు, పసుపు, కారం పడకముందు పిసికిన చింతపండు రసానికే. పసుపు పడితే పేపర్ మీద పసుపు రంగే కనిపిస్తుంది, పైగా పసుపు సబ్బు నీళ్ళు తగిలితే తనే ఎర్రబడుతుంది, సున్నం కలిపిన పారాణిలాగా. ఇంకోటి, రెండో పుస్తకాన్ని బాత్రూమ్ యాసిడ్ సీసా ఉన్న అరలో పెడితే నెలలో అంచులన్నీ ఎర్రబడ్డాయి. ఇప్పుడు మూత గట్టిగా పట్టే డబ్బాలో దాస్తున్నాను.

రంగు కారని ప్లాస్టిక్ పట్టీలు తమ్ముడు నాలుగు ఇచ్చాడు, ఫిల్టర్ నీళ్ళలో రంగు కుదురుకునేదాకా నిమిషాల తరబడి ఉంచాలి. అవి నయమే, కానీ మా అవసరానికి ఖరీదెక్కువ. మా ఇంట్లో బడికెళ్ళే పిల్లలున్నారు కాబట్టి నేనైతే ఈ పేపరే ఇంకోటి కొంటాను, చిన్నది పదిలోకి రాబోతోంది. ఫిల్టర్ దగ్గరికి మాత్రం తీసుకెళ్ళను.