కాలు తెగిన లెగ్ వైస్, పోత ఇనుప బెంచ్ వైస్: ఏది దేనికి?

పాత ఇనుప సామాను అంగడిలో పొడవైన దవడలతో, అడుగున కోసేసిన మోడుతో వింతగా కనిపించే వైస్ (వస్తువును దవడల మధ్య బిగించి పట్టే పనిముట్టు) దొరికితే, అది నేల దాకా దిగే కాలు పోగొట్టుకున్న కమ్మరి లెగ్ వైస్ అయి ఉండే అవకాశమే ఎక్కువ. ముందు దవడ అడుగున ఒక పిన్ను మీద ఊగుతుందా, రెండు దవడల మధ్య వాటిని తెరిచే పట్టీ స్ప్రింగు ఉందా అని చూస్తే చాలావరకు సందేహం తీరుతుంది. పోత పోసిన, పని బల్లకు బిగించే బెంచ్ వైస్‌పై అచ్చు అతుకు గీత, ఉబ్బెత్తు అక్షరాలు తరచుగా కనిపిస్తాయి. సమ్మెటతో సాగగొట్టిన పాత లెగ్ వైస్‌లో తుప్పు తిన్నచోట కర్రకున్నట్టు నార బయటపడుతుంది.

దెబ్బలు కొట్టే పనికి లెగ్ వైస్‌కు సాటి లేదు, ఎందుకంటే సమ్మెట దెబ్బ బలం కాలి గుండా నేలలోకి దిగిపోతుంది; పోత ఇనుము పెళుసు కనుక అదే దెబ్బలకు బెంచ్ వైస్ పగలవచ్చు. ఆకురాయి పనికి మాత్రం బెంచ్ వైసే మేలు: దాని దవడలు ఎంత తెరిచినా సమాంతరంగా ఉంటాయి, లెగ్ వైస్ దవడలు వంపుగా తెరుచుకోవడంతో మందపాటి వస్తువును కింది అంచులతోనే పట్టుకుంటాయి.

కొలిమి పని ఉన్నవారు మోడుకు కొత్త కాలు అతికించి, దాన్ని నేలలో పాతిన దిమ్మెపై నిలపడం మంచిది. అలంకారానికి దీపపు స్తంభంగా మార్చడం నాకు సమ్మతం కాదు. గ్రైండరుతో తుప్పు తీస్తే పాత ముద్రలు చెరిగిపోతాయి కనుక తీగ బ్రష్షు, కిరోసిన్ చాలు.