ప్రీమియర్ షో టికెట్ కొనేముందు ఇది చదవండి

పెద్ద హీరో సినిమా విడుదలకు ముందు రోజు రాత్రి వేసే ప్రీమియర్ షోకి ఇంటిల్లిపాదికీ టికెట్లు తీద్దామనుకుంటున్నారా? కాస్త ఆగండి. ఆ రేటుకి మీకు దొరికేది సీటు ఒక్కటే. తెర కనిపిస్తుందా, మాటలు వినిపిస్తాయా అన్నదానికి ఎవరూ పూచీ పడరు.

ఈమధ్య హైదరాబాద్‌లో ఒక మల్టీప్లెక్స్‌లో మాకు జరిగింది ఇదీ. మామూలు రేటుకి రెట్టింపు పైనే పెట్టాం. హీరో ఎంట్రీకి మా ముందు వరుసలన్నీ లేచి నిలబడ్డాయి. సరే, కాసేపటికి కూర్చుంటారులే అనుకున్నాం. కూర్చోలేదు. ఎవరి చేతిలో చూసినా ఫోన్, సగం ఫోన్లకి ఫ్లాష్ కూడా. స్టేటస్‌లో పెట్టడానికి తీస్తున్నారు, ఎదురుగా అంత పెద్ద తెర ఉంటే వాళ్లు చూసేది మాత్రం చేతిలోని ఫోన్‌లోనే! చింపిన పేపర్లు అమ్మ ఒళ్లో పడుతూనే ఉన్నాయి. వెనక సీటు కుర్రాడు వీడియో కాల్‌లో ఎవరికో సినిమా చూపిస్తున్నాడు. "కొంచెం మెల్లగా తమ్ముడూ" అంటే, "ఫ్యాన్స్ షోకొచ్చి సైలెంట్ అంటే ఎట్లన్నా, ఇంట్ల ఓటీటీల చూస్కోరాదు" అన్నాడు.

స్టాఫ్‌కి చెబితే ఒకబ్బాయి టార్చ్ పట్టుకుని వచ్చాడు, గుంపుని చూసి అట్నుంచి అటే వెళ్లిపోయాడు. మేనేజరేమో "ఫస్ట్ షో అంటే ఇట్లాగే ఉంటది సార్" అన్నాడు. డబ్బులు వాపసు అడిగితే ఆన్‌లైన్ బుకింగ్ కాబట్టి యాప్‌వాళ్లని అడగమన్నారు. యాప్‌వాళ్లు థియేటర్‌ని అడగమన్నారు. కన్వీనియెన్స్ ఫీజు, దానిమీద జీఎస్టీ మాత్రం ముందే పట్టేసుకున్నారు.

ఈలలు, చప్పట్లు నాకేమీ కొత్త కాదు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమాలు చూస్తూ పెరిగినవాణ్ణి. అక్కడ ఎంట్రీకి హాలు దద్దరిల్లినా, కామెడీ సీన్ వస్తే డైలాగ్ పోతుందని జనమే ఒకరినొకరు ఊరుకోబెట్టుకునేవారు. ఇప్పుడు డైలాగ్ ఎవరిక్కావాలి, క్లిప్ దొరికితే చాలు.

హాలు బయట రద్దీ సంగతి వేరే చెప్పాలి. 2024 డిసెంబర్ 4 రాత్రి అదే క్రాస్ రోడ్స్‌లో ప్రీమియర్ దగ్గర తొక్కిసలాట జరిగి ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. పిల్లలతో, పెద్దవాళ్లతో ఈ షోలకి వద్దంటే వద్దు. మా అమ్మకైతే సోమవారం తర్వాత మ్యాట్నీకే తీస్తాను ఇక.

తప్పక వెళ్లాలంటే చివరి వరుస తీసుకోండి, వెనకనుంచి పేపర్ల బాధైనా ఉండదు. డబ్బు కట్టేముందు క్యాన్సిలేషన్ ఉందో లేదో చూడండి, అన్ని హాళ్లకీ ఉండదు. సర్టిఫికెట్ కూడా చూసుకోండి. 'ఎ' సినిమాకి పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్ని తీసుకెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు, టికెట్ డబ్బులు పోయినట్టే. బయటి తిండి వద్దనే హక్కు హాలుకి ఉంది కానీ, మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. నీళ్లు ఎక్కడున్నాయని గట్టిగా అడగండి, ఎక్కడో మూల చూపిస్తారు.

పక్కవాళ్లు సినిమా మొత్తం రికార్డు చేస్తుంటే వాళ్లతో గొడవపడొద్దు, స్టాఫ్‌ని పిలవండి. పైరసీ కోసం హాల్లో రికార్డు చేస్తే 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం కింద మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల జరిమానా. వెనక్కి తిరిగిపోయిన టార్చ్ అబ్బాయి కూడా ఆ మాట వింటే కదులుతాడు.

టికెట్ స్క్రీన్‌షాట్, హాల్లో లైట్లు వేశాక పరిస్థితి ఎలా ఉందో ఒక ఫొటో, మేనేజర్‌తో మాట్లాడిన టైమ్ దగ్గర పెట్టుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఇవన్నీ పనికొస్తాయి. మేం ఫిర్యాదు పెట్టాం, థియేటర్ నుంచి ఇంకా ఉలుకూ పలుకూ లేదు.