అంబాసిడర్ కొనేవాళ్లకు హెచ్చరిక: బ్రేక్ ఆయిల్ ఎటు పోతోందో తేలేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దు

"బ్రేకులన్నీ కొత్తగా చేయించాం, లైనులో ఎయిర్ తీస్తే చాలు" అన్న మాట మీద మార్క్ 4 అంబాసిడర్ ఒకటి చేతులు మారింది. చూపించిన రోజు ఆయిల్ అంచుదాకా ఉంది, పెడల్ గట్టిగానే ఉంది. పది రోజులకి ఆయిల్ సగానికి దిగింది. నేల మీద మాత్రం ఒక్క చుక్క లేదు. డ్రమ్ములు విప్పితే వెనక ఎడమ చక్రం లైనర్లు (డ్రమ్ముకి రాసుకుని కారుని ఆపేవి) నానిపోయి ఉన్నాయి. ఆ లైనర్లని ఆయిల్ ఒత్తిడితో డ్రమ్ముకి నొక్కే వీల్ సిలిండర్ లోపల తుప్పు గుంటలు, వాటి మధ్యే కొత్త రబ్బర్లు. గుంటలు పడ్డ సిలిండర్‌లో ఎంత మంచి రబ్బరు వేసినా అంచు కోసుకుపోయి కొద్ది రోజుల్లోనే మళ్లీ కారుతుంది. అమ్మేదాకా ఆగితే చాలు అనుకునేవాళ్లు చేసే పని ఇది.

ఈ పాత కార్లలో చాలావాటికి బ్రేక్ లైను ఒకటే. ఎక్కడో ఒకచోట ఆయిల్ ఖాళీ అయిందంటే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది, హ్యాండ్ బ్రేక్ ఒక్కటే మిగులుతుంది. అందుకే ట్రయల్‌కి వెళ్లే ముందే హ్యాండ్ బ్రేక్ పట్టుకుంటోందో లేదో చూడండి.

బ్రేక్ ఆయిల్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. లైనర్లు అరిగితే మట్టం కొంచెం దిగుతుంది గానీ, డ్రమ్ బ్రేకుల్లో అది నెలల తరబడి సాగే వ్యవహారం. వారంలో తేడా కనిపించిందంటే ఎక్కడో కారుతున్నట్టే.

ముందు పెడల్ నొక్కి, అదే బలంతో ఒక నిమిషం పట్టి ఉంచండి. మెల్లగా కిందికి జారుతోందంటే రెండు కారణాలుంటాయి. ఆయిల్ మట్టం కూడా తగ్గుతుంటే బయటికి లీకు. మట్టం అలాగే ఉండి పెడల్ మాత్రం దిగుతుంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ని లైనులోకి తోసేది) లోపలి రబ్బరు కప్పు పట్టడం లేదు, ఆయిల్ లోలోపలే వెనక్కి జారుతోంది. మొదటిసారి లోతుకి దిగి, రెండుమూడు సార్లు కొడితే పైకి వచ్చే పెడల్ వేరే సంగతి: బ్రేకుల అడ్జస్ట్‌మెంట్ వదులైంది, లేదా లైనులో గాలి ఉంది.

లీకు చోటు పట్టుకోవాలంటే డ్రమ్ములు విప్పాల్సిందే. ఈ పాత కార్లలో ముందు చక్రాలకి ఒక్కోదానికి రెండేసి వీల్ సిలిండర్లు, వెనక ఒక్కోటి. ముందు చక్రాల్లో పైదొక్కటే చూసి వదిలేయొద్దు. సిలిండర్ చివరి రబ్బరు బూటుని సన్నటి స్క్రూడ్రైవర్‌తో కొంచెం ఎత్తండి. లోపల తడి ఉందంటే కప్పు దాటి ఆయిల్ వస్తున్నట్టే. బయటికి చుక్క రాకపోవడం ఇక్కడ రుజువు కాదు, ఎందుకంటే మొదట్లో కారిందంతా లైనర్లే పీల్చుకుంటాయి. బ్రేకు కొట్టగానే కారు ఒక పక్కకి లాగుతోందంటే ముందు ఇదే అనుమానించండి.

వెనక డ్రమ్ములో తడి కనిపిస్తే అది యాక్సిల్‌లోని గేర్ ఆయిల్ కూడా కావచ్చు. "సీలు పోయిందంతే" అని అమ్మేవాళ్లు తేల్చేస్తారు. రెండు చుక్కలు తీసి గ్లాసు నీళ్లలో వేయండి. మామూలు బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది, గేర్ ఆయిల్ పైకి తేలుతుంది. ఈ ఒక్క పరీక్షతో వాదన ముగుస్తుంది.

తర్వాత కారు కింద దూరండి. బ్రేక్ ఆయిల్ పెయింటుని తినేస్తుంది. పాత మోడళ్లలో మాస్టర్ సిలిండర్ డ్రైవర్ కాళ్ల కింద, ఫ్లోర్ అడుగున ఉంటుంది. దాని చుట్టూ పెయింటు పొంగి రాలి ఉంటే ఎన్నాళ్లుగానో కారుతోందని అర్థం. అక్కడ ఒక్కచోటే కొత్తగా నల్ల కోటింగ్ కొట్టి ఉంటే మరీ జాగ్రత్త. స్టీలు పైపులు క్లిప్పుల కిందే తుప్పు పడతాయి కాబట్టి క్లిప్పు జరిపి చూడండి. హోస్ పైపుల్ని వంచి చూస్తే పగుళ్లు బయటపడతాయి.

వాక్యూమ్ బూస్టర్ (ఇంజన్ పీల్పుతో బ్రేకు బలం పెంచే డబ్బా) ఉన్న కారైతే ఇంకో దొంగదారి ఉంది. సీలు పోతే ఆయిల్ బూస్టర్ డబ్బాలో చేరుతుంది, కొన్నిట్లో అక్కణ్నుంచి ఇంజన్‌లోకి పీల్చుకుపోయి తెల్ల పొగగా బయటికి పోతుంది. వాక్యూమ్ హోస్ ఊడదీసి లోపల తడుందేమో చూడండి.

రిజర్వాయర్‌లో, అంటే బ్రేక్ ఆయిల్ పోసే డబ్బాలో, ఉన్నదేమిటో కూడా ముఖ్యమే. ఎవరైనా ఇంజన్ ఆయిలో జాకీ ఆయిలో పోసి ఉంటే రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. మూత లోపలి వాషరు మెత్తబడి ఉబ్బి కనిపిస్తే బేరం అక్కడే ఆపేయండి. అలాంటి కారుకి లైనంతా కడిగి, హోసులతో సహా ప్రతి రబ్బరూ మార్చాలి. బ్రేక్ ఆయిల్ రకాల్లో డాట్ 3, డాట్ 4 కలిసినా ఇబ్బంది లేదు. సిలికాన్ రకమైన డాట్ 5 మాత్రం వాటితో కలపకూడదు.

కొనేశాక లీకు బయటపడిందా, రబ్బరు కిట్టుతో సరిపెట్టకండి. గోరుకి తగిలేంత గుంట ఉంటే సిలిండర్ మార్చండి, లేదా లోపల స్లీవ్ (కొత్త లోహపు గొట్టం) వేయించండి. ఆయిల్ పీల్చిన లైనర్లని పెట్రోల్‌తో కడిగి, కాల్చి మళ్లీ బిగించేవాళ్లున్నారు, ఒప్పుకోవద్దు. వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది. ఒక పక్క తడిసినా ఆ యాక్సిల్‌కి రెండు పక్కలా మార్చాలి.

అమ్మేవాళ్లు డ్రమ్ములు విప్పనివ్వకపోతే కనీసం ఇది అడగండి: మట్టం దగ్గర గుర్తు పెట్టి, ఇరవైసార్లు బ్రేకు గట్టిగా కొట్టి, చక్రాల కింద అట్టముక్కలు పరిచి, రాత్రంతా కారు అక్కడే ఉంచి పొద్దున మళ్లీ చూద్దామని. దానికీ ఒప్పుకోకపోతే ఆ కారు వదిలేయండి.