చెకుముకి రైఫిల్: సోకు చూసి కాదు, నిప్పు చూసి కొనండి

మా బామ్మర్ది పెన్సిల్వేనియాలో ఉంటాడు, పోయిన చలికాలం వాళ్లింట్లో మూడు నెలలుండి అనంతపురం వచ్చినాం. అక్కడ క్రిస్మస్ దాటినాక జింకల వేటకు ఒక సీజన్ ఉంటాది, 1974 నుంచి నడుస్తాంది, అందులో చెకుముకి రాయితో పేలే తుపాకీ తప్ప ఇంకోటి వాడేదానికి లేదు. "బావా, మీ తాతకు మందు దట్టించే తుపాకీ ఉండె కదా, నువ్వే చూసి చెప్పు" అని నన్ను తుపాకీల అంగడికి ఎంటబెట్టుకొని పోయినాడు.

మా తాతది శనక్కాయ చేను కాడ అడవిపందులకని తీసుకున్న లైసెన్స్ తుపాకీ, ఎలక్షన్లు వస్తే స్టేషన్‌లో పెట్టి రావాల. అది చిన్న పేలుడు క్యాపుతో పేలేది, లోపల నున్నటి గొట్టం. అంగట్లో ఉండేవి చూసేదానికి అట్లనే ఉన్నా గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి, పాతకాలం నమూనాలే కానీ ఇప్పటి ఫ్యాక్టరీల్లో కొత్తగా చేసినవి.

ఫస్ట్ చూసింది ఒక చవకరకం, పేరు వద్దులే. ఇత్తడి తళతళ, పాలిష్ అద్దం మాదిరి. ఖాళీ తుపాకీనే, మందు లేకుండా గుర్రం, అంటే రాయి బిగించే సుత్తి, ఎక్కించి పదిసార్లు వదిలినా, నాలుగుసార్లే నిప్పు రాలింది, అది కూడా సన్నగా ఎర్రగా వచ్చి, కింద మందు పోసే చిన్న పళ్లెంలో పడకముందే ఆరిపోయింది. రాయి తిప్పి బిగించినాం, దాని కింద తోలుముక్క మార్చినాం, అయినా అంతే, రాయి కొట్టుకునే ఉక్కు పలకే మెత్తగా ఉండాది, గోకిన చోటల్లా గాట్లు పడినాయి. చెకుముకి తుపాకీలో ఇది బాగలేకపోతే మిగతాదంతా ఎంత బాగున్నా దండగ.

తర్వాత మూడు చూసినాం. ట్రెడిషన్స్ కెంటకీ, స్పెయిన్‌లో తయారైంది, .50 క్యాలిబర్ (గొట్టం రంధ్రం అర అంగుళం), 33.5 అంగుళాల గొట్టం, 66 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాడులు. కట్టె రెండు ముక్కలు, మధ్యలో ఇత్తడి పట్టీ, తేలికగా ఉంటాది, మొదటిసారి కొనేవాళ్లకు పర్వాలేదు. పెడర్సోలి ఫ్రాంటియర్ ఇటలీది, 39 అంగుళాల గొట్టం, వాల్‌నట్ కట్టె, ఫినిషింగ్ మీద చెయ్యి పెడితే తీయబుద్ధి కాదు, రేటు కూడా అట్లనే ఉంటాది. మూడోది లైమన్ గ్రేట్ ప్లెయిన్స్, ఇదీ ఇటలీలోనే చేసింది, 32 అంగుళాల గొట్టం, నాలుగు కేజీలకు పైనే బరువు. రెండు ట్రిగ్గర్లు, వెనకది నొక్కితే ముందుది వెంట్రుక తగిలినా పేలేంత తేలిక అయిపోతాది, కాబట్టి గురి కుదిరేదాకా ఏలు బయటే పెట్టుకోవాల.

నా ఓటు లైమన్‌కే. నిప్పు పడేది చూడాల, తెల్లగా గుత్తిగా మతాబు పువ్వుల మాదిరి రాలి పళ్లెంలో కూడా చిటపటలాడ్తాది. రేంజిలో 50 గజాల్లో బట్టముక్క చుట్టిన గుండ్లు అయిదు కొడితే అన్నీ అరచెయ్యంత జాగాలో పడినాయి. పళ్లెంలో మందు నిండా పోయొద్దు, గొట్టంలోకి పోయే పక్క చిల్లికి కిందే ఉండాల, అప్పుడే మంట ఎగిరి లోపలికి దూకుతాది, చిల్లి మూసుకుంటే వత్తి మాదిరి కాలుకుంటా పోయి లేటుగా పేలుతాది.

ఒకటి మాత్రం చూసుకొని కొనండి, దీనికి అన్నలాంటిది గ్రేట్ ప్లెయిన్స్ హంటర్ అని ఇంకోటి ఉండాది, చూపుకు రెండూ ఒకటే. మామూలుదాంట్లో గాడులు 60 అంగుళాలకు ఒక చుట్టు, అది గుండ్రటి సీసపు గుండుకు. హంటర్‌లో 32 అంగుళాలకే ఒక చుట్టు, అది పొడుగు బుల్లెట్‌కు. మీరు వాడేది ఏదో ముందే అనుకోకపోతే గురి తప్పుతాంటే తుపాకీని తిట్టుకుంటారు.

సెకండ్ హ్యాండ్ అయితే మొదట మందు దట్టించే గజం కడ్డీ గొట్టం లోపలికి వదిలి ఎంత దూరం పోయిందో బయట పెట్టి కొలవండి, ఎవరో దట్టించి మర్చిపోయింది ఉంటే అక్కడే తెలుస్తాది. లైట్ వేసి లోపల తుప్పు కూడా చూడండి. నల్ల తుపాకీమందు, లేదంటే దాని బదులుగా అమ్మే మందు తప్ప ఇప్పటి పొగరాని మందు ఒక్క చిటికె కూడా పోయొద్దు, గొట్టం పగిలి ప్రాణం పోతాది.

మన దగ్గర మాత్రం ఇట్లాంటిది కూడా 1959 ఆయుధాల చట్టం కిందికే వస్తాది, లైసెన్స్ లేకుండా ఇంట్లో పెట్టుకునేదానికి లేదు.

మా బామ్మర్ది లైమనే తీసుకున్నాడు. కొట్టొచ్చిన రోజు రాత్రి వంటింట్లో నీళ్లు కాగబెట్టి సబ్బేసి గొట్టం కడిగినాం, ఆ మసి తేమ పీల్చి తెల్లారేసరికి తుప్పు పట్టిస్తాది. మా తాత కూడా పొయ్యి కాడ కూర్చొని ఇట్లనే కడిగేవాడు, అదే గంధకం వాసన.