అధ్యక్షుడా, ప్రధానా? దారి తప్పిన ప్రభుత్వాన్ని దించడానికి ఏ పద్ధతి మేలు?

పాఠ్యపుస్తకాల్లో ఈ విషయం ఎప్పుడూ రెండు గడుల పట్టికలాగే కనిపిస్తుంది. ఎడమ గడిలో అధ్యక్ష పద్ధతి: శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖలు మూడూ విడివిడి, పదవీకాలం స్థిరం. కుడి గడిలో పార్లమెంటరీ పద్ధతి: మంత్రులు సభలోంచే వస్తారు, సభకే జవాబు చెబుతారు. పరీక్ష రాయడానికి అది చాలు. "సరే, రెండింట్లో ఏది మేలు?" అని ఎవరైనా అడిగితే మాత్రం ఆ పట్టిక నోరు మెదపదు.

అందుకని నేను ఈ పోలికను వేరే చోట మొదలుపెడతాను. దేశాన్ని నడిపే మనిషి దారి తప్పాడనుకోండి. ఎన్నికలు ఇంకా మూడేళ్లు ఉన్నాయి. అతన్ని ఎవరు దించగలరు? ఎన్నాళ్లు పడుతుంది? దించాక ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు?

అమెరికాలో ప్రతిపక్ష పార్టీ కార్యాలయం ఉన్న వాటర్‌గేట్ భవనంలో దొంగలు పట్టుబడింది 1972 జూన్ 17న. అధ్యక్షుడు నిక్సన్ కుర్చీ దిగింది 1974 ఆగస్టు 9న. మధ్యలో సెనేట్ (అక్కడి ఎగువ సభ) విచారణలు, ఆయన ఆఫీసు సంభాషణల టేపుల కోసం కోర్టు కేసులు, సుప్రీంకోర్టు తీర్పు. రెండేళ్లు దాటిపోయింది. చివరికి ఆయన రాజీనామా చేశారు తప్ప అభిశంసన, అంటే చట్టసభే నేరం మోపి పదవి నుంచి తప్పించే ప్రక్రియ, పూర్తి కాలేదు. ఇప్పుడు బ్రిటన్ చూడండి. లిజ్ ట్రస్ 2022 సెప్టెంబర్ 6న ప్రధాని అయ్యారు. అదే నెల 23న ఆమె ప్రభుత్వం భారీ పన్ను కోతలు ప్రకటించింది, మార్కెట్లు బెంబేలెత్తాయి, పౌండు పడిపోయింది. అక్టోబర్ 25 నాటికి ఆ పదవిలో మరొకరున్నారు. ఆమె నేరం చేశారని ఎవరూ అనలేదు. కోర్టు లేదు, విచారణ లేదు. సొంత పార్టీ ఎంపీలు ఇక మీతో కాదన్నారు, అంతే.

నా దృష్టిలో రెండు పద్ధతుల అసలు తేడా ఇదే. అధ్యక్షుణ్ణి దించాలంటే నేరం కావాలి. ప్రధానిని దించడానికి నమ్మకం పోతే చాలు. అమెరికాలో ప్రతినిధుల సభ ఇప్పటికి నాలుగుసార్లు అధ్యక్షులను అభిశంసించింది: 1868లో ఆండ్రూ జాన్సన్, 1998లో క్లింటన్, 2019లోనూ 2021లోనూ ట్రంప్. సెనేట్‌లో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి కాబట్టి ఒక్కరి మీదా నేరం రుజువు కాలేదు. జాన్సన్ ఒక్క ఓటుతో బయటపడ్డారు. అసమర్థతకు అసలు మందే లేదు. ఎంత చేతకాని అధ్యక్షుడైనా నాలుగేళ్లు భరించాల్సిందే.

ఇక్కడో తమాషా ఉంది. శాసనం చేసేవాళ్లు, అమలు చేసేవాళ్లు, తీర్పు చెప్పేవాళ్లు ఒకరే అయితే స్వేచ్ఛ మిగలదని 1748లో రాసిన ఫ్రెంచి ఆలోచనాపరుడు మాంటెస్క్యూ, అందుకు నమూనాగా చూపించింది ఇంగ్లండునే. ఆయన మాటలు వంటపట్టించుకుని 1787లో ఫిలడెల్ఫియాలో అమెరికన్లు తమ రాజ్యాంగం రాసుకున్నారు. పదవిలో ఉన్న అధికారి ఎవరూ కాంగ్రెస్ (అక్కడి చట్టసభ) సభ్యుడు కాకూడదని మొదటి అధికరణంలోనే రాశారు. ఇంగ్లండులో మాత్రం అప్పటికే మంత్రులు పార్లమెంటులో కూర్చుని రెండు పనులూ చేయడం మొదలైపోయింది. పక్కింటి ప్లాను చూసి ఇల్లు కట్టుకుంటుంటే, పక్కింటాయన గోడలు పడగొట్టి హాలు పెద్దది చేసుకున్నట్టు.

పోనీ అమెరికాలోనైనా గోడలు నిజంగా అంత గట్టివా అంటే, అదీ కాదు. చట్టాన్ని అధ్యక్షుడు వీటో చేస్తాడు, కాంగ్రెస్ రెండు సభల్లోనూ మూడింట రెండు వంతులతో దాన్ని తోసిపుచ్చుతుంది. జడ్జిని అధ్యక్షుడు ఎంపిక చేస్తాడు, సెనేట్ ఆమోదించాలి. కాబట్టి దాన్ని వేరుచేయడం అనడం కంటే ఒకరి చెయ్యి ఇంకొకరు పట్టుకునే ఏర్పాటు అంటే సరిగ్గా ఉంటుంది. చేతులు పట్టుకోవడం వల్ల తప్పులు ఆగుతాయి, పనులూ ఆగుతాయి. 2018 డిసెంబర్‌లో సరిహద్దు గోడ ఖర్చు మీద పేచీ వచ్చి అక్కడి ప్రభుత్వ కార్యాలయాలు 35 రోజులు పాక్షికంగా మూతపడ్డాయి. సుమారు 8 లక్షల మంది ఉద్యోగులకు జీతాలు ఆగాయి. పార్లమెంటరీ దేశంలో బడ్జెట్ ఓడిపోతే ప్రభుత్వమే పడిపోతుంది, కొత్తది వస్తుంది లేదా ఎన్నికలొస్తాయి. అమెరికాలో అధ్యక్షుడూ కదలడు, కాంగ్రెస్సూ కదలదు. గుమాస్తా ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది.

ఇంతవరకూ చదివి నేను పార్లమెంటరీ పద్ధతికి డప్పు కొడుతున్నాననుకోకండి. అధ్యక్ష పద్ధతికి ఒక గొప్ప గుణం ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. చట్టసభ సభ్యుడు ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేస్తే ప్రభుత్వం పడదు. కాబట్టి అతను ధైర్యంగా ఓటేయగలడు. 2024 డిసెంబర్ 3 రాత్రి దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సైనిక శాసనం ప్రకటించారు. సైనికులు జాతీయ అసెంబ్లీ భవనంలోకి వచ్చారు. కొందరు సభ్యులు గోడలు దూకి లోపలికి వెళ్లారు. తెల్లవారకముందే హాజరైన 190 మందీ ఆ ప్రకటనను రద్దు చేయాలని ఓటేశారు. అందులో 18 మంది అధ్యక్షుడి సొంత పార్టీవాళ్లు. వాళ్ల సీట్లు ఆయన దయ మీద ఆధారపడి లేవు, సభ ఆయన చెప్పుచేతల్లో లేదు. ఆ రాత్రి అధికారాల విభజన నిజంగా పని చేసింది. అయితే ఆయన్ని పూర్తిగా పదవి నుంచి తప్పించడానికి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు వచ్చేదాకా ఆగాలి. అది వచ్చింది 2025 ఏప్రిల్ 4న. నాలుగు నెలలు.

పార్లమెంటరీ పద్ధతి వైపు వాదనను అంబేడ్కర్ కంటే తేటగా చెప్పినవాళ్లు నాకు తెలియదు. 1948 నవంబర్ 4న ముసాయిదాను రాజ్యాంగ సభ ముందు పెడుతూ ఆయన చెప్పిన మాట సారాంశం ఇది: ప్రభుత్వానికి స్థిరత్వమూ కావాలి, జవాబుదారీతనమూ కావాలి, రెండూ సమానంగా ఇచ్చే పద్ధతిని ఎవరూ కనిపెట్టలేదు. అమెరికా పద్ధతిలో స్థిరత్వం ఎక్కువ, బ్రిటిష్ పద్ధతిలో జవాబుదారీతనం ఎక్కువ. మొదటిదాంట్లో లెక్క అడిగేది కొన్నేళ్లకోసారి, రెండోదాంట్లో రోజూ. ప్రశ్నలు, తీర్మానాలు, అవిశ్వాసం, చర్చలు. ముసాయిదా రెండోదాన్ని ఎంచుకుంది. మూడు శాఖలనూ పూర్తిగా వేరు చేయాలని అదే సభలో కె.టి.షా సవరణ పెట్టారు గానీ అది వీగిపోయింది.

రోజువారీ లెక్క ఎంత పదునుగా ఉంటుందో రెండు ఉదాహరణలు చాలు. 1979 మార్చి 28న లండన్‌లో కలహన్ ప్రభుత్వం 310కి 311 ఓట్లతో పడిపోయింది. 1999 ఏప్రిల్ 17న ఢిల్లీలో వాజ్‌పేయి ప్రభుత్వం 269కి 270 ఓట్లతో పడిపోయింది. రెండు చోట్లా ఒక్క ఓటే. రెండు చోట్లా ఎన్నికలొచ్చాయి.

ఇక ఈ పద్ధతికి పట్టే తెగులు గురించి.

ప్రధాని ఉద్యోగం సభ చేతిలో ఉంటుందని సిద్ధాంతం. సభలో మెజారిటీ ప్రధాని పార్టీదే. ఆ పార్టీలో టికెట్లు ఇచ్చేది ప్రధానే. అంటే కాపలా కాయాల్సినవాడి జీతం కాపలా కాయబడేవాడి జేబులోంచి వస్తోంది. అలాంటప్పుడు శాసనశాఖ, కార్యనిర్వాహకశాఖ రెండూ ఒకే మనిషి గుప్పిట్లోకి పోవడానికి ఎంతసేపు? దీన్నుంచి కాపాడేది ఒకటే: ఎంపీ తన నాయకుడికి ఎదురు తిరిగినా తన సీటు తనకు ఉండటం. 2019 సెప్టెంబర్‌లో బ్రెగ్జిట్ (ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ వైదొలగడం) గొడవలో 21 మంది కన్సర్వేటివ్ ఎంపీలు సొంత ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. పార్టీ వాళ్లను బయటికి పంపింది. కానీ ఎంపీలుగా సభలోనే కూర్చున్నారు.

అదే పని భారత పార్లమెంటులో చేసి ఉంటే సీటే పోయేది. 1985లో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం విప్‌ను, అంటే ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, ధిక్కరించిన సభ్యుడు అనర్హుడవుతాడు. అవిశ్వాస తీర్మానం మీదే కాదు, మామూలు బిల్లు మీదైనా అంతే. ఫిరాయింపుల బెడద ఆపాలన్న ఉద్దేశం మంచిదే, ఆ బెడద నిజంగానే ఉంది కూడా. కానీ మందు జబ్బు కంటే ఘాటుగా పడింది. ఒక్కడు మనస్సాక్షి కోసం అడ్డం తిరిగితే వేటు. శాసనసభా పక్షంలో మూడింట రెండు వంతుల మంది మూటగట్టుకుని వేరే పార్టీలో విలీనమైతే రక్షణ. తీర్పు చెప్పేది స్పీకర్, ఆయన సాధారణంగా పాలకపక్షం మనిషే. కాగితం మీద పార్లమెంటరీ పద్ధతి అలాగే ఉంది, కానీ అంబేడ్కర్ చెప్పిన ఆ రోజువారీ లెక్క అడిగేవాళ్లలో సగం మంది నోటికి తాళం పడింది.

మధ్యేమార్గం కదా అని కొందరు ఫ్రాన్స్ వైపు చూపిస్తారు. ప్రజలు నేరుగా ఎన్నుకున్న అధ్యక్షుడు, సభకు జవాబు చెప్పే ప్రధాని, ఇద్దరూ ఉంటారు. నాకు ఈ బేరం నచ్చదు. ఒక ఒరలో రెండు కత్తులు. ఇద్దరూ ఒకే వైపు ఉంటే అధ్యక్షుడు నిర్ణయాలు తీసుకుంటాడు, దెబ్బలు ప్రధాని తింటాడు. 2024 డిసెంబర్‌లో అవిశ్వాసంతో ప్రధాని బార్నియే ప్రభుత్వం పడిపోయింది, ఆయన్ని నియమించిన అధ్యక్షుడు మక్రాన్ మాత్రం కదల్లేదు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడితే ఏమవుతుందో 2018లో శ్రీలంక చూసింది. అక్టోబర్ 26న అధ్యక్షుడు సిరిసేన ప్రధాని విక్రమసింఘేను తీసేసి రాజపక్సను కూర్చోబెట్టారు. తర్వాత పార్లమెంటునే రద్దు చేశారు. కొన్ని వారాలు దేశానికి ఇద్దరు ప్రధానులు. డిసెంబర్ 13న ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ రద్దు చెల్లదని ఏకగ్రీవంగా చెప్పాక గానీ విక్రమసింఘే తిరిగి రాలేదు.

మరి ఏది మేలు అంటే, నా ఓటు జర్మనీకి. ఎందుకో చెప్పాలంటే 1932కి వెళ్లాలి. ఆ ఏడాది జూలై ఎన్నికల తర్వాత జర్మన్ పార్లమెంటులో నాజీలు, కమ్యూనిస్టులు కలిస్తే సగానికి పైగా సీట్లు. వాళ్లిద్దరూ కలిసి ఏ ప్రభుత్వాన్నైనా పడగొట్టగలరు, కలిసి ఒక్కటీ నిలబెట్టలేరు. సెప్టెంబర్‌లో పాపెన్ ప్రభుత్వం మీద అవిశ్వాసం 512కి 42 ఓట్లతో నెగ్గింది. మరి వేరే ఎవరు? జవాబు లేదు. ఆ ఖాళీలో అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ అత్యవసర ఉత్తర్వులతో పాలన సాగింది, తర్వాత కథ తెలిసిందే. అందుకే 1949 రాజ్యాంగంలోని 67వ అధికరణం ఒక షరతు పెట్టింది: చాన్సలర్‌ను (అక్కడి ప్రధానిని) దించాలంటే అదే ఓటుతో కొత్త చాన్సలర్‌ను ఎన్నుకోవాలి. కూలగొట్టేవాళ్లు కట్టే బాధ్యత కూడా తీసుకోవాలన్నమాట. అప్పటి నుంచి రెండే ప్రయత్నాలు జరిగాయి. 1972లో బ్రాంట్‌ మీద పెట్టింది రెండు ఓట్లతో తప్పింది. 1982 అక్టోబర్ 1న ష్మిట్ దిగిపోయి కోల్ వచ్చారు. స్పెయిన్ కూడా ఇదే ఏర్పాటు చేసుకుంది, 2018 జూన్ 1న ప్రధాని రహోయ్ స్థానంలో సాంచెజ్ వచ్చింది ఆ దారినే. స్థిరత్వం, జవాబుదారీతనం రెండూ ఒకచోట కుదరవని అంబేడ్కర్ అన్నదానికి ఇది పూర్తి జవాబు కాదు గానీ, దగ్గరికి మాత్రం వచ్చింది.

న్యాయవ్యవస్థ గురించి పెద్దగా చెప్పలేదని మీకు అనిపించవచ్చు. కారణం, అక్కడ ఏది మేలన్న ప్రశ్నే లేదు. సభకూ ప్రభుత్వానికీ మధ్య గోడ ఎంత మందం ఉండాలో వాదించుకోవచ్చు, కోర్టు చుట్టూ ఉన్న గోడ మాత్రం ఉండి తీరాలి. 2009 దాకా బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్‌లోనే ఒక భాగం. చివరికి వాళ్లే దాన్ని విడదీసి వేరే భవనానికి పంపారు. పదేళ్లకు, 2019 సెప్టెంబర్ 24న, పార్లమెంటును అయిదు వారాలు మూసేయమన్న ప్రధాని సలహా చట్టవిరుద్ధమని ఆ కోర్టులో 11 మంది జడ్జీలూ ఒక్కమాటగా చెప్పారు. జడ్జీలను ఎవరు వేయాలన్న దాంట్లో మాత్రం తేడాలున్నాయి. అమెరికాలో అధ్యక్షుడు, సెనేట్ కలిసి జీవితకాలానికి వేస్తారు, ప్రతి ఖాళీ ఒక చిన్న యుద్ధం. భారత్‌లో జడ్జీలే జడ్జీలను ఎంపిక చేస్తారు, దాన్ని మార్చబోయిన 99వ రాజ్యాంగ సవరణను 2015లో సుప్రీంకోర్టు 4–1తో కొట్టేసింది. జర్మనీలో రాజ్యాంగ న్యాయస్థానం జడ్జీల్లో సగం మందిని ఒక సభ, సగం మందిని ఇంకో సభ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఎన్నుకుంటాయి. పన్నెండేళ్లు, మళ్లీ అవకాశం లేదు. ప్రతిపక్షం ఒప్పుకోనిదే ఎవరూ జడ్జీ కాలేరు. ఇక్కడా నాకు అదే నచ్చుతుంది.

ఒక షరతు మాత్రం ఉంది. జర్మన్ ఏర్పాటు తెచ్చి పదో షెడ్యూల్ పక్కన పెడితే ఇంకా ప్రమాదం: దించడానికి ప్రత్యామ్నాయం చూపించాలి, చూపించడానికి నోరు తెరిస్తే సీటు పోతుంది. ఆ రెండూ కలిసి ఉండే దేశంలో బతకమంటే, నేను అన్నమాట వెనక్కి తీసుకుని అధ్యక్ష పద్ధతికే వెళ్తాను. కనీసం అక్కడ సభ్యుడు లేచి కాదనగలడు. విప్ ధిక్కారానికి అనర్హత వేటును విశ్వాస, అవిశ్వాస తీర్మానాలకే పరిమితం చేయాలని దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే సిఫారసు చేసింది. అది జరిగితే సగం తాళాలైనా ఊడతాయి. ఇప్పటిదాకా అది చట్టం కాలేదు.